చిత్తుప్రతికి తొలి చదువరి

1970లో న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం తలుపులు బార్లా తెరిచింది. నగరంలో హైస్కూలు పూర్తి చేసిన ప్రతి విద్యార్థికీ తన కళాశాలల్లో ఎక్కడో ఒకచోట సీటు ఇస్తానంది. అప్పటిదాకా కాలేజీ గడప తొక్కని ఇళ్ల పిల్లలు వేలల్లో వచ్చి చేరారు. వాళ్లలో నల్లజాతి కుటుంబాలవారు, ప్యూర్టోరికో మూలాలున్నవారు, వలస కార్మికుల బిడ్డలు ఉన్నారు. వాళ్లు రాసిన వ్యాసాలు చూసి చాలామంది అధ్యాపకులకు ఏం చేయాలో పాలుపోలేదు. వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అంతుపట్టదు. స్పెల్లింగులు గతి తప్పాయి. కామాలు, ఫుల్‌స్టాపులు ఎక్కడపడితే అక్కడ పడ్డాయి. వీళ్లకు కాలేజీ చదువు అబ్బదని తేల్చేసినవారికి కొదవ లేదు.

ఆ విశ్వవిద్యాలయంలోని సిటీ కాలేజీలో రచన బోధించే మినా షానెసీ మాత్రం ఆ కాగితాలను పక్కన పెట్టలేదు. కొత్తగా చేరినవారు రాసిన సుమారు 4,000 వ్యాసాలను ముందేసుకుని ఒక్కో తప్పునూ పట్టి చూశారు. 1977లో వచ్చిన ఆమె పుస్తకం ‘ఎర్రర్స్ అండ్ ఎక్స్‌పెక్టేషన్స్’ ఆ పరిశీలన ఫలితమే. ఆ తప్పులకు ఒక క్రమం ఉందని ఆమె చూపించారు. తనకు తెలిసిన నియమాన్ని వర్తించని చోట కూడా వాడటం, ఇంట్లో మాట్లాడే పలుకుబడి రాతలోకి వచ్చేయడం, ఎక్కడ తప్పు పడుతుందోనన్న భయంతో వాక్యాన్ని సగంలో మెలితిప్పడం లాంటి కారణాలు వాటి వెనుక ఉన్నాయి. కారణం తెలిస్తే ఒకే జాతికి చెందిన తప్పులను ఒకేసారి సరిచేసుకోవచ్చు.

ఆ విశ్వవిద్యాలయంలోనే భాగమైన బ్రూక్లిన్ కాలేజీలో కెనెత్ బ్రఫీ మరొకటి గమనించారు. వెనకబడిన విద్యార్థుల కోసం కాలేజీలు అదనపు సహాయం ఏర్పాటు చేస్తే, ఎవరికి అవసరమో వాళ్లే దాన్ని వాడుకోవడం లేదు. ఆ సహాయం మళ్లీ క్లాసురూములాగే, మళ్లీ ఒక పెద్దాయన ముందు చేతులు కట్టుకుని కూర్చున్నట్టే ఉండటం అందుకు కారణం. తోటి విద్యార్థులకు కాస్త శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టగానే పరిస్థితి మారింది. సాటివాడితో మాట్లాడటానికి ఎవరికీ బెరుకు లేదు.

ఈ రెండు పరిశీలనలనూ కలిపితే ఈ అధ్యాయం చెప్పదలచిన సంగతి తేలుతుంది. విశ్వవిద్యాలయంలో చేరిన ఏ విద్యార్థికైనా, వ్యాకరణ పుస్తకం కంటే ముందు కావలసింది చిత్తుప్రతిని ఓపిగ్గా చదివి ‘ఇక్కడ నాకు అర్థం కాలేదు’ అని చెప్పే మనిషి.

తెలుగు మీడియం నుంచి వచ్చినవారి తప్పుల వెనుక

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏటా పెద్ద సంఖ్యలో విద్యార్థులు తెలుగులో పదో తరగతి ముగించి ఇంగ్లిష్‌లో పై చదువుల్లోకి అడుగు పెడతారు. గ్రామీణ విద్యార్థుల కోసం 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మొదలైన ట్రిపుల్ ఐటీల్లో ఈ మార్పు పదో తరగతి అయిన వెంటనే ఎదురవుతుంది. అప్పటిదాకా సామాన్యశాస్త్రం తెలుగులో చదివిన పిల్ల ల్యాబ్ రికార్డు ఇంగ్లిష్‌లో రాయాలి. రికార్డునైతే సీనియర్ల దగ్గర చూసి ఎక్కించేయవచ్చు. ప్రాజెక్టు రిపోర్టు, సెమినార్ పేపర్, సినాప్సిస్ దగ్గరికి వచ్చేసరికి ఆ దారి మూసుకుపోతుంది.

షానెసీ చూపించిన పద్ధతిలో చూస్తే ఇక్కడి తప్పులకూ కారణాలు దొరుకుతాయి. తెలుగులో ‘ఊరికి వెళ్లి, రైతులను కలిసి, వివరాలు సేకరించి, పట్టిక తయారుచేశాం’ అని ఒక్క సమాపక క్రియతో నాలుగు పనులు సులువుగా చెప్పవచ్చు. ఆ అలవాటుతో ఇంగ్లిష్ రాస్తే ‘అండ్’ల మీద ‘అండ్’లు పడి ఒక్కో వాక్యం అయిదారు పంక్తులు సాగుతుంది. ఇంగ్లిష్‌లో ‘ద’ చేసే పనికి తెలుగులో విడిగా పదమే లేదు కాబట్టి అది ఒకచోట ఎక్కువవుతుంది, మరోచోట మాయమవుతుంది. తెలుగులో నామవాచకం చివర చేరే విభక్తులు అక్కడ ముందుకు వస్తాయి కాబట్టి ఇన్, ఆన్, ఎట్‌లు తారుమారవుతాయి.

ఇది తెలిసిన విద్యార్థికి ఒక పెద్ద వెసులుబాటు ఉంది. పది పేజీల్లో అరవై తప్పులున్నాయని కుంగిపోనక్కర్లేదు. ఆ అరవైలో చాలావరకు మూడు నాలుగు అలవాట్ల నుంచి పుట్టినవే కావచ్చు. అధ్యాపకులు ఎర్రసిరాతో దిద్దిన పాత అసైన్‌మెంట్లు రెండు మూడు బయటికి తీసి, తప్పులను జాతులవారీగా ఒక కాగితం మీద రాసుకుంటే ఆ అలవాట్లేమిటో తెలుస్తుంది. ఆ తర్వాత ప్రతి చిత్తుప్రతినీ ఒక్కో అలవాటు కోసం విడిగా ఒక్కోసారి చదవాలి. అన్నిటినీ ఒకే చదువులో పట్టుకోవాలని చూస్తే ఏదీ చిక్కదు.

రైటింగ్ సెంటర్లో ఏం జరుగుతుంది

అమెరికాలో 2023-24 విద్యాసంవత్సరంలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు. వారిలో తెలుగువారు చెప్పుకోదగ్గ సంఖ్యలోనే ఉన్నారు. అక్కడ చాలా విశ్వవిద్యాలయాల్లో రైటింగ్ సెంటర్ అనే విభాగం ఉంటుంది. కట్టిన ఫీజులోనే ఆ సేవ కలిసి ఉంటుంది. అయినా ఎం.ఎస్.కు వెళ్లిన మనవాళ్లలో కొందరు డిగ్రీ పూర్తయ్యేదాకా ఆ గది వైపే వెళ్లరు. అది ఇంగ్లిష్ రానివాళ్ల చోటని అనుకోవడం ఒక కారణం. వెళితే ప్రొఫెసర్‌కు తెలిసి చులకనైపోతామన్న భయం మరొకటి. నిజానికి అక్కడికి పీహెచ్‌డీ చివరి ఏడాదిలో ఉన్నవారూ వస్తారు, ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారూ వస్తారు. విద్యార్థి కోరితే తప్ప అక్కడి మాటలు ప్రొఫెసర్ దాకా చేరకపోవడం ఎక్కువ కేంద్రాల్లో ఆనవాయితీ.

ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో మ్యూరియెల్ హారిస్ 1976లో ఇలాంటి కేంద్రాన్ని మొదలుపెట్టారు. 1990ల మధ్యలో అదే కేంద్రం తన పాఠాలను ఇంటర్నెట్‌లో పెట్టింది. ‘పర్డ్యూ ఔల్’ పేరుతో ఉన్న ఆ పాఠాలను ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడినుంచైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఏపీఏ, ఎంఎల్ఏ పద్ధతుల్లో రిఫరెన్సులు ఎలా రాయాలో తెలియక తికమకపడే శ్రీకాకుళం విద్యార్థికైనా, సిద్దిపేట విద్యార్థికైనా అది అందుబాటులో ఉంది. భారతదేశంలోనూ ఈ ఆలోచన వేళ్లూనుతోంది. హర్యానాలోని అశోకా విశ్వవిద్యాలయంలో సెంటర్ ఫర్ రైటింగ్ అండ్ కమ్యూనికేషన్ పనిచేస్తోంది.

ఒక సెషన్ సాధారణంగా అరగంట నుంచి గంట. ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. ఎదుట కూర్చునే ట్యూటర్ చాలాసార్లు శిక్షణ పొందిన సీనియర్ విద్యార్థే. మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఈ రాతలో మీకు ఏది ఇబ్బందిగా ఉంది? తర్వాత చిత్తుప్రతిని ఎవరో ఒకరు పైకి చదువుతారు. కన్ను దాటేసిన లోపం చెవికి దొరుకుతుంది. అర్థం సాఫీగా లేని చోట చదివే గొంతు తనంతట తానే ఆగుతుంది.

ఆ తర్వాత ట్యూటర్ వరుస పాటిస్తారు. అసైన్‌మెంట్ అడిగిన ప్రశ్నకు ఇది జవాబేనా, వాదన ఏమిటి, ఆధారాలు సరిపోయాయా, పేరాలు ఒకదాని తర్వాత ఒకటి ఎందుకు ఆ వరుసలో ఉన్నాయి అన్నవి ముందు. వ్యాకరణం, విరామచిహ్నాలు ఆ తర్వాత. ఈ వరుసకు కారణముంది. రెండో పేజీలో ఒక పేరా మొత్తం తీసేయాల్సి వస్తే అందులోని స్పెల్లింగులు దిద్దిన శ్రమంతా వృథా.

మొదటిసారి వెళ్లినవారికి ఒక విషయంలో నిరాశ కలుగుతుంది: ట్యూటర్ పెన్ను తీసి తప్పులు దిద్దరు. 1984లో స్టీఫెన్ నార్త్ రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసం ఈ పద్ధతిని గట్టిగా సమర్థించింది. రైటింగ్ సెంటర్ బాగుపరచాల్సింది రాసే మనిషినని, చేతిలోని ఒక్క కాగితాన్ని బాగుచేసి పంపడం దాని లక్ష్యం కాదని ఆయన వాదం. ఇవాళ్టి పేపర్‌ను వేరొకరు దిద్దిపెడితే వచ్చే నెల పేపర్‌లో అవే తప్పులు మళ్లీ వస్తాయి. ఒక పేరాలో తప్పు ఎందుకు వచ్చిందో కూర్చుని తెలుసుకున్న విద్యార్థి తక్కిన తొమ్మిది పేరాలూ తానే దిద్దుకోగలడు.

వెళ్లేముందు, వెళ్లినప్పుడు

అసైన్‌మెంట్ ప్రశ్నపత్రం, మార్కులు ఎలా వేస్తారో చెప్పే రూబ్రిక్, ఇప్పటిదాకా రాసిన చిత్తుప్రతి, గతంలో అధ్యాపకులు రాసిన వ్యాఖ్యలు. ఈ నాలుగూ వెంట తీసుకెళ్లాలి. ప్రశ్నపత్రం లేకుండా వెళితే ట్యూటర్‌కు చీకట్లో బాణం వేసినట్టే ఉంటుంది.

చిత్తుప్రతి పూర్తి కాకపోయినా వెళ్లవచ్చు. నిజానికి ఏమీ రాయకముందు, మూడు ముక్కల ఆలోచన మాత్రమే ఉన్నప్పుడు జరిగే మాటామంతీ ఎక్కువ ఫలితమిస్తుంది. సబ్మిషన్ ముందురోజు రాత్రి వెళితే కామాలు సరిచేసుకోవడానికి తప్ప మరిదేనికీ వ్యవధి ఉండదు. గడువుకు కనీసం వారం ముందు ఒకసారి, తిరగరాశాక మరోసారి వెళ్లడం మంచి పద్ధతి.

అడిగే తీరు మీద సగం ఫలితం ఆధారపడి ఉంటుంది. ‘ఒకసారి చూసి ఎలా ఉందో చెప్పండి’ అంటే ‘బాగుంది’ అన్న జవాబే వస్తుంది. ‘రెండో పేజీలో నా వాదన పక్కదారి పట్టినట్టు అనిపిస్తోంది. మీకు ఏ వాక్యం దగ్గర దారి తప్పినట్టనిపించింది?’ అని అడిగితే చదివేవారికి వెతకాల్సింది ఏమిటో తెలుస్తుంది. గైడ్‌ను కలిసినప్పుడూ ఇదే సూత్రం. అధ్యాయం మొత్తం మెయిల్ చేసి ‘ప్లీజ్ చెక్ సర్’ అని రాస్తే ఆ మెయిల్ వారాల తరబడి అలాగే ఉండిపోతుంది. సబ్జెక్ట్ లైన్‌లో పని పేరు, మెయిల్‌లో రెండు స్పష్టమైన ప్రశ్నలు, జవాబు ఎప్పటికి కావాలో ఒక తేదీ ఉంటే ఎంత తీరికలేని గైడ్ అయినా స్పందించడం తేలికవుతుంది.

ఉపోద్ఘాతం ఎక్కడ మొదలవ్వాలి

బడిలో నేర్చుకున్న వ్యాసానికి ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు అని మూడు భాగాలు. ఉపోద్ఘాతమంటే విషయానికి ఎంతో దూరం నుంచి నడుచుకుంటూ రావడమని చాలామందికి అలవాటైపోయింది. నీటిపారుదల మీద ప్రాజెక్టు రిపోర్టు కూడా ‘మానవ జీవితానికి నీరు ప్రాణాధారం’ అని మొదలవుతుంది. చదివే ఎగ్జామినర్‌కు ఆ వాక్యం వల్ల తెలిసేది ఏమీ లేదు.

భాషాశాస్త్రవేత్త జాన్ స్వేల్స్ పరిశోధన వ్యాసాల ఆరంభాలను పరిశీలించి, అవి తరచూ మూడు అడుగుల్లో సాగుతాయని గమనించారు. మొదట విషయం ఏమిటో, అది ఎందుకు ముఖ్యమో చెబుతారు. తర్వాత ఇప్పటిదాకా జరిగిన పనిలో ఏ ఖాళీ మిగిలిందో చూపిస్తారు. చివరగా ఆ ఖాళీని ఈ వ్యాసం ఎలా పూరిస్తుందో ప్రకటిస్తారు.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. అనంతపురం వేరుశనగ రైతుల మీద ఒక ఎం.ఏ. విద్యార్థిని సినాప్సిస్ రాస్తోంది. మొదటి చిత్తుప్రతి ‘భారతదేశం వ్యవసాయ ప్రధాన దేశం’ అని మొదలైంది. మూడు అడుగుల్లో తిరగరాస్తే ఇలా వస్తుంది: ‘అనంతపురం జిల్లాలో వేరుశనగ ప్రధానంగా వర్షాధార పంట, వాన తప్పిన ఏడాది రైతు పెట్టుబడి మొత్తం పోతుంది. ఈ నష్టం గురించి నేను చదివిన అధ్యయనాలు దిగుబడి లెక్కల మీద దృష్టి పెట్టాయి. వాన తప్పాక ఇంట్లో ఆడవాళ్లు చేసే కూలిపనుల గురించి వాటిలో వివరంగా లేదు. మూడు గ్రామాల్లో మహిళలతో మాట్లాడి ఆ వివరాలను నమోదు చేయడం ఈ అధ్యయనం ఉద్దేశం.’ నాలుగే వాక్యాలు. ఎగ్జామినర్‌కు విషయం తెలిసింది, కొత్తదనం తెలిసింది, చేయబోయే పని తెలిసింది.

వేరేవారి మాట, సొంత మాట

ప్లేజరిజం విషయంలో యూజీసీ 2018 నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. థీసిస్‌లో పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం అయితే ఆరు నెలలకు మించని గడువులో సవరించి మళ్లీ సమర్పించాలి. 40 నుంచి 60 శాతం అయితే సవరించిన ప్రతిని సమర్పించడానికి ఏడాదిపాటు వీలుండదు. 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. మూలాన్ని సరిగా పేర్కొని ఉటంకించిన భాగాలు, రిఫరెన్సుల జాబితా, విషయసూచిక, కృతజ్ఞతలు లాంటివి ఈ లెక్కలోకి రావు.

ఈ అంకెల భయంతో చాలామంది వాక్యంలో పదాలు మాత్రం మార్చి రాస్తుంటారు. ‘ఇంపార్టెంట్’ ఉన్నచోట ‘సిగ్నిఫికెంట్’ పెట్టి, వాక్య నిర్మాణాన్ని అలాగే ఉంచేస్తారు. అమెరికన్ రచనా అధ్యాపకురాలు రెబెకా మూర్ హోవర్డ్ దీనికి ‘ప్యాచ్‌రైటింగ్’ అని పేరు పెట్టారు. మోసం చేయాలన్న ఉద్దేశం కంటే, చదివింది ఇంకా పూర్తిగా అర్థం కాకపోవడమే దీనికి తరచూ కారణమని ఆమె వాదించారు.

ఇక్కడ తెలుగు విద్యార్థికి చేతిలోనే ఒక సాధనం ఉంది. మూల వ్యాసంలోని భాగాన్ని చదివి, పుస్తకం మూసేసి, అందులో ఏముందో రూమ్మేట్‌కు తెలుగులో చెప్పాలి. ఎక్కడ మాట తడబడితే అక్కడ అర్థం కాలేదన్నమాట; మళ్లీ చదవాలి. తెలుగులో సాఫీగా చెప్పగలిగాక పుస్తకం తెరవకుండానే ఇంగ్లిష్‌లో రాయాలి. చివరగా మూలంతో సరిపోల్చుకుని రచయిత పేరు, సంవత్సరం చేర్చాలి. ఆలోచన వేరొకరిదైనప్పుడు మాటలన్నీ సొంతవే అయినా మూలం చెప్పాల్సిందే.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక మరో ప్రశ్న పుట్టింది. కృత్రిమ మేధ సాయం ఎంతవరకు తీసుకోవచ్చన్నది విశ్వవిద్యాలయాన్ని బట్టే కాక ఒకే విభాగంలో కోర్సును బట్టి కూడా మారుతోంది. సిలబస్‌లో ఏముందో చూసి, లేకపోతే అధ్యాపకుణ్ని రాతపూర్వకంగా అడగడం క్షేమం. అనుమతి ఉన్నచోట కూడా ఆ సాధనం ఇచ్చిన రిఫరెన్సులను ఒక్కొక్కటీ లైబ్రరీలో వెతికి చూడాలి. లేని పుస్తకాలను ఉన్నట్టుగా చూపించడం అలాంటి సాధనాలకు అలవాటే. వైవాలో ‘ఈ వాక్యం ఎందుకు రాశారు’ అని అడిగినప్పుడు జవాబు చెప్పాల్సింది విద్యార్థే కాబట్టి, తాను వివరించలేని వాక్యం థీసిస్‌లో ఒక్కటి కూడా ఉండకూడదు.

మూడు నిమిషాల సాధన

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీవ్రమైన కరువులో ఉన్న రోజుల్లో, స్నానం మూడు నిమిషాల్లో ముగించాలని ప్రజలు చిన్న టైమర్లు పెట్టుకునేవారు. ఆ మూడు నిమిషాల ఆలోచన నుంచే క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో ‘త్రీ మినిట్ థీసిస్’ పోటీని మొదలుపెట్టింది. పరిశోధకుడు తన పనినంతా మూడు నిమిషాల్లో, కదలని ఒకే ఒక్క స్లైడ్‌తో, ఆ సబ్జెక్టు తెలియనివారికి చెప్పాలి. సమయం దాటితే అనర్హత. ఈ పోటీ ఇప్పుడు అనేక దేశాల్లో జరుగుతోంది.

పోటీ ఉన్నా లేకపోయినా ఈ సాధన ఏ విద్యార్థికైనా పనికొస్తుంది. హాస్టల్లో వేరే బ్రాంచి స్నేహితుణ్ని ఎదుట కూర్చోబెట్టుకుని, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని ప్రాజెక్టు గురించి చెప్పాలి. మొదటిసారి తెలుగులో, రెండోసారి ఇంగ్లిష్‌లో. విన్నవారు తమకు అర్థమైనది ఒక్క వాక్యంలో తిరిగి చెప్పాలి. ఆ వాక్యం విద్యార్థి అనుకున్నదానికి దగ్గరగా లేకపోతే లోపం స్లైడ్ల రంగుల్లో వెతకనవసరం లేదు. చెప్పే వరుసలో ఉంది. పీపీటీలో పేరాలకు పేరాలు ఎక్కించి వాటిని చూస్తూ చదివే అలవాటు ఈ సాధనతో బాగా తగ్గుతుంది.

కేంద్రం లేని క్యాంపస్‌లో

మన విశ్వవిద్యాలయాల్లో ఎక్కువచోట్ల రైటింగ్ సెంటర్ లాంటి గది లేదు. దానికోసం ఎదురుచూడనక్కర్లేదు. పీటర్ ఎల్బో 1973లో రాసిన ‘రైటింగ్ వితౌట్ టీచర్స్’ పుస్తకం, అధ్యాపకులు లేకుండానే రాసేవారు ఒక బృందంగా కూడి ఎదగవచ్చని వివరించింది. చదివినవారు తీర్పు చెప్పనక్కర్లేదు. చదువుతున్నప్పుడు తమ మనసులో ఏం జరిగిందో చెబితే చాలు: ఇక్కడ ఆసక్తి కలిగింది, ఇక్కడ విసుగొచ్చింది, ఈ వాక్యం రెండుసార్లు చదవాల్సి వచ్చింది. ఇలా చెప్పడానికి ఇంగ్లిష్‌లో పాండిత్యం అవసరం లేదు. శ్రద్ధగా చదివితే సరిపోతుంది.

నలుగురు చాలు. వారానికి ఒక సాయంత్రం, గంటన్నర, లైబ్రరీ రీడింగ్ రూమ్ పక్క వరండాలోనో ఖాళీ క్లాసులోనో. ఒక్కో వారం ఇద్దరి రాత మాత్రమే, మనిషికి రెండు పేజీలకు మించకుండా. రాసినవారు పైకి చదవాలి, తక్కినవారు వినేటప్పుడు కాగితం మీద ఆగిన చోట్లు గుర్తుపెట్టుకోవాలి. ముగ్గురూ మాట్లాడేదాకా రాసినవారు సమర్థించుకోకుండా వినాలి. ఈ చివరి నియమం పాటించడం అన్నిటికంటే కష్టం; ఫలితం కూడా దీనిలోనే ఎక్కువ. చర్చ తెలుగులో సాగినా నష్టం లేదు. సంకోచం లేని భాషలో మాట్లాడినప్పుడే అభిప్రాయం నిజాయితీగా బయటికి వస్తుంది.

విభాగాధిపతులు తలచుకుంటే దీన్ని శాశ్వతం చేయడానికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు. సాయంత్రాలు తెరిచి ఉంచే ఒక గది, కొన్ని రోజుల శిక్షణ పొందిన ఇద్దరు పరిశోధక విద్యార్థులు, వాళ్ల శ్రమకు కొంత పారితోషికమో అనుభవ ధ్రువపత్రమో, తలుపు మీద వేళలు రాసిన ఒక కాగితం. 1958లో హైదరాబాద్‌లో మొదలై ఇప్పుడు కేంద్రీయ విశ్వవిద్యాలయంగా ఉన్న ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఇంగ్లిష్ బోధనలో దేశానికే అధ్యాపకులను తయారుచేస్తోంది. ఆ అనుభవం పక్కనే ఉన్న మన కళాశాలలకు శిక్షకుల కొరత సాకుగా నిలవదు.

విద్యార్థులు మాత్రం సెమిస్టర్ రెండో వారంలోనే నలుగురినీ కూడగట్టుకోవాలి. మొదటి సమావేశానికి పాత అసైన్‌మెంట్ తెచ్చుకున్నా సరిపోతుంది. సబ్మిషన్ల వారం వచ్చాక ఎవరి పేజీల్లో వాళ్లు మునిగిపోతారు, పక్కవారి పేజీ చదివే తీరిక ఎవరికీ దొరకదు.